మధ్యాహ్నం దాకా రాని ఎండ

బమాకో నగరంలో, నియామకోరో పేటలో, తెనిన్ జారా గుమ్మం ముందు పరాయి చెప్పులు లేని పూట లేదు. ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి ఒకరు వస్తారు. మంచుగడ్డ కోసం ఇంకొకరు. కాసేపు ఫ్యాను గాలికి చంటిబిడ్డను పడుకోబెట్టుకుందామని ఒక తల్లి. ఏ పనీ లేకపోయినా, గ్లాసెడు చల్లటి నీళ్లు తాగిపోదామని వచ్చేవాళ్లకైతే లెక్కే లేదు. సందు మొత్తానికి కరెంటు పోని ఇల్లు అదొక్కటే మరి.

ఆ ఇంటి కప్పు మీద నాలుగు సోలార్ పలకలున్నాయి. తెనిన్ మొగుడు సిరిమాన్ లారీ డ్రైవరు. డకార్ ఓడరేవు నుంచి బమాకోకు సరుకు తోలేవాడు. ఒకసారి బియ్యం బస్తాల మీద, కంబళ్లలో చుట్టి, పసిపిల్లల్ని తెచ్చినట్టు ఈ నాలుగింటినీ తెచ్చాడు. "సముద్రం దాకా పోయినవాడు చేపలు తెస్తాడు గానీ అద్దాలు తెస్తాడా!" అని సందంతా నవ్వింది. సిరిమాన్ పట్టించుకోలేదు. "దేవుడు ఈ ఊరికి తక్కువ చెయ్యకుండా ఇచ్చింది ఎండ ఒక్కటే. దాన్ని కూడా తిట్టుకుంటూ కూర్చుంటే ఇంకేం తింటాం?" అన్నాడు. పలకలు బిగించాడు, బ్యాటరీలు పెట్టాడు, పెళ్లానికి ఒక ఫ్రిజ్, ఒక పెద్ద ఫ్రీజర్ కొనిచ్చాడు. తర్వాత రెండేళ్లు తిరక్కుండానే కాయ్ ఊరి దారిలో లారీ బోల్తాపడి పోయాడు.

పిల్లలు లేరు. మరుదులు వచ్చి, పల్లెకు వచ్చెయ్యమన్నారు. తెనిన్ వెళ్లలేదు. ఫ్రీజర్ ఉంది కదా, బతుకుతానంది. అల్లం పానకం, ఎర్రగోంగూర పువ్వుల పానకం కాచి, చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి, గడ్డకట్టించి అమ్మేది. నిజంగానే బతికింది. తల వంచకుండా బతికింది.

అయితే ఆ బతుకుకు ఒక గొలుసు ఉంది.

తూర్పు పక్కింటి జుమానా త్రావొరే తల్లికి చక్కెర జబ్బు. ఆమెను సందంతా బా సీతన్ అంటారు, సీతనమ్మ అన్నట్టు. రోజూ ఇన్సులిన్ సూది పడితేగానీ ఆమె లేచి తిరగలేదు. ఆ మందు సీసాలు చల్లగా ఉండాలి. జుమానా ఇంట్లో ఫ్రిజ్ తెనిన్ ఫ్రిజ్ కన్నా పెద్దదే గానీ, రోజులో సగం పైగా కరెంటు లేని ఇంట్లో అది బట్టలు దాచుకునే బీరువాతో సమానం. అందుకని సీసాలు తెనిన్ ఫ్రిజ్ తలుపులో, గుడ్లు పెట్టుకునే అరలో ఉండేవి.

ఆ రోజుల్లో ఒకసారి తెనిన్ పినతండ్రి కూతురి పెళ్లికని పక్క ఊరు కాతీ వెళ్లి రెండు రాత్రులు ఉంది. ఇంటి తాళం ఎదురింటి వాళ్లకిచ్చి వెళ్లింది. ఆ సాయంత్రం ఫుట్‌బాల్ ఆట ఉంది. కుర్రాళ్లు టీవీ తగిలించారు, ఎవరో ఇస్త్రీపెట్టె తగిలించారు, బ్యాటరీలు నీరసించి చచ్చిపోయాయి. తెనిన్ తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ మళ్లీ నడుస్తూనే ఉంది, నీళ్లు చల్లగానే ఉన్నాయి. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. వేడికి పాడైన మందునే బా సీతన్ పొడిపించుకుంటూ వచ్చింది. ఒక రోజు తెల్లవారి పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో ఎన్నో రోజులుంచి బతికించారు.

తెనిన్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. బా సీతన్ అయితే ఆసుపత్రి మంచం మీంచే, "నీ తప్పేముందే పిల్లా, నా ఆయుష్షు గట్టిది" అంది. అనకపోవడమే తెనిన్‌కు శిక్ష అయింది. ఆనాటి నుంచి ఆమె రాత్రిపూట ఆ ఇల్లు దాటలేదు. పొద్దువాలగానే ఫ్రీజర్ ఆపాలి, ఫోన్లన్నీ పీకేయాలి, ఒక్క ఫ్రిజ్ మాత్రం నడవాలి. ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టే ధైర్యం ఆమెకు చచ్చిపోయింది.

బస్సులో ఒక పగలు పట్టే నది ఒడ్డు ఊరు మార్కాలాలో ఆమె అక్క ఉంది. పేరు వాసా. తల్లి పోయాక తెనిన్‌ను వీపున కట్టుకుని పెంచింది ఆ అక్కే. ఇప్పుడామెకు కళ్లల్లో నీటికాసుల జబ్బు. చూపు అంచుల నుంచి కుంచించుకుపోతోంది.

"గొట్టంలోంచి చూసినట్టుందే లోకం," అని ఫోనులో చెప్పేది. "పూర్తిగా మూసుకుపోకముందు ఒకసారి నీ మొహం చూడనియ్యవే."

"వస్తానక్కా. ఈ ఉపవాసాల నెల దాటనీ."

"కిందటేడూ ఇదే అన్నావు."

"ఈసారి నిజంగా వస్తాను."

అక్క నవ్వేది. ఆ నవ్వు విన్నాక తెనిన్‌కు ఆ పూట అన్నం దిగేది కాదు.

*

చలికాలంలో నగరపాలిక తరఫున ఒక ఇంజనీరు పిల్ల సందుల్లో తిరిగింది. చేతిలో టాబ్లెట్, కాళ్లకు తెల్ల బూట్లు, అవి అప్పటికే ఎర్ర దుమ్ముకు నారింజ రంగు తేలాయి. తెనిన్ నిచ్చెన వేసి పైకెక్కించింది. ఆ పిల్ల పలకల చుట్టూ తిరిగి, టాబ్లెట్‌లో ఊరి పటం తెరిచి చూపించింది. ఇళ్ల కప్పులన్నీ రంగురంగుల గళ్లుగా కనిపించాయి.

"మీ కప్పు చూడండి పెద్దమ్మా, ఎర్రగా ఉంది. అంటే నిండు ఎండ. మన ఊళ్లో సగం కప్పులు ఇట్లాంటివే. అన్నిటి మీదా పలకలు పరిస్తే, మనం వాడుకోగా ఇంకా మిగిలి పక్క ఊళ్లకు అమ్ముకోవచ్చు."

"మరి పరచరేం తల్లీ?"

పిల్ల నవ్వేసింది. "నాది కొలిచే పని పెద్దమ్మా. పరిచేవాళ్లు వేరే."

తెనిన్ తూర్పు వైపు చూసింది. జుమానా ఇంటి ముందు ఇసుక కుప్ప, ఇనప చువ్వలు దిగి ఉన్నాయి.

"ఆ పక్కింటాయన పైన ఇంకో అంతస్తు వేస్తే, మీ పటంలో నా కప్పు ఎర్రగానే ఉంటుందా?"

పిల్ల ఇసుక కుప్ప వంక, టాబ్లెట్ వంక చూసింది. "ఇప్పుడు ఉన్న ఇళ్లతోనే వేసిన పటం ఇది. రేపు కట్టబోయేవి ఇందులో లేవు," అని నెమ్మదిగా చెప్పి, అల్లం పానకం సంచి చీకుతూ దిగిపోయింది.

జుమానా త్రావొరే సంతలో సిమెంటు, గచ్చు బిళ్లలు అమ్ముతాడు. భారీ మనిషి, భారీ గొంతు. చెడ్డవాడు కాదు. అసలు చిక్కంతా అక్కడే. త్రావొరేలకూ జారాలకూ తాతల నాటి నుంచి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే బొబ్బర్లు మెక్కేవాళ్లనీ, బానిసలనీ తిట్టుకోవాలి, తిట్టించుకున్నవాళ్లు నవ్వాలి. కోపం తెచ్చుకుంటే తెచ్చుకున్నవాళ్లదే తప్పు. పొద్దున గేటు తీయగానే మొదలుపెట్టేవాడు.

"ఏమే బొబ్బర్లదానా! రాత్రి మీ ఇంట్లో పిడుగులు పడ్డాయి, వాన మాత్రం లేదు. ఎన్ని గిన్నెలు లాగించావు?"

"అవి నీ గురకలురా బానిసా! నిన్ను అమ్మేద్దామని మా తాత సంతకు తోలుకుపోతే, తిండి ఖర్చు ఎక్కువని ఎవడూ కొనలేదు. అప్పటి నుంచి మా నెత్తిన పడ్డారు మీ వంశమంతా!"

సందు సందంతా నవ్వేది. ఆ నవ్వులోనే రోజు మొదలయ్యేది.

గోడ లేవడం మొదలుపెట్టాక తెనిన్ అతని దగ్గరకు వెళ్లింది. రెండో కొడుక్కు పిల్లను చూస్తున్నాను, కొత్త జంటకు పైన రెండు గదులు కడుతున్నానన్నాడు.

"జుమానా, నీ గోడ లేస్తే పొద్దుటి ఎండ నా పలకల మీద పడదు."

"ఎండ కూడా మీ జారాల సొత్తేనా? బొబ్బర్లు చాలవా, సూర్యుణ్ణి కూడా తినేస్తావా?"

"నిజంగా చెబుతున్నాను."

"నేనూ నిజంగానే అడుగుతున్నా!" అని పొట్ట కదిలేలా నవ్వాడు. తాపీ పనివాళ్లు నవ్వారు. అలవాటు కొద్దీ తెనిన్ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక గానీ తను ఎందుకు నవ్విందో ఆమెకు తెలియలేదు.

*

రంజాను ఉపవాసాల నెల ఆ ఏడు నిప్పుల కొలిమి లాంటి ఎండల్లో వచ్చింది. ఊరికి కరెంటు గంటల లెక్కన కూడా రావడం మానేసింది. రేకుల కింద పసిపిల్లలు, ముసలివాళ్లు ఉడికిపోయారు. సందు చివరి ఇళ్లవాళ్లు ఒకే వారంలో ముగ్గురు పెద్దవాళ్లను పాతిపెట్టారు. మంచుగడ్డ రొట్టె కన్నా ప్రియమైంది.

సరిగ్గా అప్పుడే జుమానా గోడ పూర్తిగా లేచింది. గోడ మీద కప్పు, కప్పు మీద పిట్టగోడ, పిట్టగోడ మీద నీళ్ల ట్యాంకు. తెల్లవారగానే ఆ నీడ తెనిన్ కప్పు మీద నల్ల దుప్పటిలా పరుచుకునేది. ఒక్క పలక మీద నీడ ఉన్నా మిగతా మూడూ నీరసపడతాయి. మధ్యాహ్నపు నమాజు పిలుపు వినబడే వేళకు గానీ ఎండ నాలుగింటి మీదా పడేది కాదు. పోనీ పలకల్ని పడమటి అంచుకు జరుపుదామంటే అటు సందులో పెద్ద మామిడిచెట్టు. సాయంత్రపు నమాజు వేళకల్లా దాని కొమ్మల నీడ వచ్చేది. రెండు పిలుపుల మధ్య ఎంత ఎండ దక్కితే అంతే.

ఆ చెట్టు కిందే సందులోని ముసలాళ్లు కూర్చుని టీ కాచుకుంటారు. రెండు కొమ్మలు కొట్టించమని తెనిన్ అడిగింది.

"చెట్టు కొట్టేస్తే మమ్మల్నెక్కడ కూర్చోమంటావు, నీ ఫ్యాను కిందా?" అన్నాడొకాయన.

"రండి, కూర్చోండి. మీతో పాటు మీ టీ కుంపటి కూడా పెట్టుకోండి, ఇంకాస్త ఉడుకుదాం," అంది తెనిన్. వాళ్లు మెచ్చుకుని నవ్వారు. కొమ్మలు మాత్రం కొట్టలేదు.

మొదట ఆమె ఫోన్ల చార్జింగ్ ఆపేసింది. తర్వాత ఫ్యాను. ఆఖరికి ఫ్రీజర్. ఉపవాసం విప్పే వేళకు మంచుగడ్డ కోసం గిన్నెలు పట్టుకొచ్చిన ఆడవాళ్లు ఉత్తచేతులతో నిలబడ్డారు.

"మాకు లేదంటావు, పక్క సందులో ఎక్కువకు అమ్ముకుంటున్నావటగా?" అంది ఒకావిడ.

తెనిన్ ఫ్రీజర్ మూత ఎత్తి చూపించింది. లోపల ఉల్లిపాయలు పోసుకుంది. ఆవిడ వాటి వంక చూసి, "ఏమోనమ్మా," అని వెళ్లిపోయింది. మూత ఎత్తి చూపించాల్సి వచ్చినందుకు తెనిన్ ఆ రాత్రంతా కుమిలింది.

ఇక మిగిలింది ఫ్రిజ్. నాలుగు పలకలూ రెండు నమాజుల మధ్య పట్టుకున్న ఎండంతా జుమానా తల్లి మందు సీసాల కోసమే ఖర్చయ్యేది. మిగతా ఎండను మింగేసింది జుమానా గోడ. తెనిన్ పానకం అమ్మడం పోయింది. పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని, సందు మొగలో బొబ్బర్ల గారెలు వేసి అమ్మడం మొదలుపెట్టింది. ఉపవాస రోజుల్లో అవి కొనేదెవరు? సాయంత్రం కాసేపు, అంతే.

ఎదురింటావిడ ఒక రోజు చెవి దగ్గర చేరి చెప్పింది. "పిచ్చిదానా, తాళంచెవి నీ చేతిలో పెట్టుకుని ఏడుస్తావేం? ఆ సీసాలు తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టు. 'నీ గోడ నీది, నీ అమ్మ నీది' అను. సాయంత్రానికి వాడే గోడ పడగొడతాడు."

ఆ మాట తెనిన్‌ను రెండు రోజులు కుమ్మరిపురుగులా తొలిచింది. మూడో రోజు పొద్దున ఫ్రిజ్ తలుపు తీసి, సీసాలు ఒక గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పి బయలుదేరింది. జుమానా వాకిట్లో బా సీతన్ ఒక్కతే చాప మీద కూర్చుని ఉంది. కాళ్లు వాచి ఉన్నాయి. ఒళ్లో చేట, చేటలో జొన్నలు. రాళ్లు ఏరుతోంది.

"రా పిల్లా. ఆ గిన్నెలో ఏంటే?"

తెనిన్ తడిగుడ్డ అంచు సర్దింది. ముసలావిడ తడిగుడ్డ వంక చూసింది. జుమానా పెళ్లాం గొంతు లోపలెక్కడో వినబడుతోంది. బా సీతన్ చేట పక్కన పెట్టి, గొంతు తగ్గించింది.

"నా కొడుక్కు నేను చెప్పాను. పిల్ల ఎండ తీసుకున్నావురా అని. 'గోడ కట్టొద్దంటే కొడుకును ఎక్కడ పడుకోబెట్టమంటావు' అన్నాడు. నేనేం చెప్పను? ఇటు నువ్వు, అటు మనవడు. ఆ మందే లేకపోతే మీ ఇద్దరికీ హాయి."

"అలా అనకు."

"నిజమేగా. వాటిని ఇక్కడ పెట్టేసి పో. నేనేమీ అనుకోను."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కానీ ఇక్కడ పామూ లేదు, కప్పా లేదు. అందరూ మంచివాళ్లే. తెనిన్ గిన్నె దించబోయి, మళ్లీ పైకెత్తుకుంది. గిన్నెలో సీసాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి.

"కొత్త సీసాలేవో, పాతవేవో నువ్వొకసారి చూసి చెబుతావని తెచ్చాను," అంది.

"నాకు చదువెక్కడొచ్చే," అంది బా సీతన్.

"అవును కదా," అంది తెనిన్. తిరిగి ఇంటికొచ్చి సీసాలు మళ్లీ గుడ్ల అరలో పెట్టింది. ఫ్రిజ్ తలుపుకు నుదురు ఆనించి, ఆ కాస్త చల్లదనంలో కళ్లు మూసుకుంది.

*

పండగ మర్నాడు జుమానా కొడుకు పెళ్లి మాటలు ఖాయమయ్యాయి. మామిడిచెట్టు కింద తాంబూలం పంచినట్టు కోలాకాయలు పంచారు. మగవాళ్లంతా కూర్చున్నారు. తెనిన్ గారెల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ దారినే వస్తోంది.

"అదుగో, బొబ్బర్ల మహారాణి!" అని లేచాడు జుమానా. "ఒకప్పుడు ఊరికే తినేది, ఇప్పుడు అమ్మి మరీ తింటోంది! ఏమే, మా పెళ్లికొడుక్కు నీ ఇంట్లో పిల్ల ఉంటే చెప్పు, బానిసగా తెచ్చుకుంటాం!"

అందరూ తెనిన్ వంక చూశారు. ఆమె నుంచి జవాబు రావాలి. అది ఆట. ఎప్పుడూ వచ్చేది.

తెనిన్ బుట్ట దించి కింద పెట్టింది. జుమానా మొహంలోకి చూసింది. ఏమీ అనలేదు.

అతను ఇంకాస్త గట్టిగా నవ్వాడు. "నాలుకకు ఎండ తగల్లేదా ఏం?"

ఆమె చూస్తూనే ఉంది. కోపంగా కూడా కాదు. రెండు నవ్వులు మొదలై మధ్యలో ఆగిపోయాయి. టీ కాస్తున్న ముసలాయన కెటిలు ఎత్తి, పోయకుండా అలాగే పట్టుకున్నాడు. వేళాకోళానికి వేళాకోళం రాకపోవడం అంటే చుట్టరికం తెగిపోవడం. ఆ సందులో అలాంటిది చూసినవాళ్లు లేరు. చివరికి ఆమె బుట్ట నెత్తికెత్తుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారీవారకముందే జుమానా ఆమె గుమ్మంలో ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. గొంతు చిన్నదైపోయింది.

"తెనిన్, నిన్న నువ్వట్లా చూస్తే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నన్ను తిట్టు. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

"తిట్టడానికేం లేదు జుమానా. ఎండ కావాలి."

అతను గుమ్మంలోనే చతికిలబడ్డాడు. చాలాసేపు నేల గీస్తూ ఆలోచించి, ఒక్కసారిగా తలెత్తాడు. "అయితే పలకల్ని నా పైకప్పు మీద పెట్టేద్దాం! నా మీద ఎవరి నీడా పడదు. తీగ కిందికి లాగిద్దాం. మిస్త్రీని నేనే పిలిపిస్తా. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎండే!"

ఆ మాట గంటలో సందంతా పాకింది. ఎంత మంచి మనసు, ఎంత మంచి ఆలోచన అన్నారు. బా సీతన్ చేతులెత్తి దీవించింది. తెనిన్ ఇంటికప్పు మీంచి సిరిమాన్ బిగించిన చువ్వలు ఊడదీస్తుంటే, వద్దనడానికి ఆమెకు ఒక్క కారణం కూడా దొరకలేదు. అందరూ ఆమె మంచికే చేస్తున్నారు. పలకలు నలుగురు మోసుకుంటూ జుమానా మెట్లెక్కుతుంటే, కింద నిలబడి చూసింది.

కరెంటు వచ్చింది. నిజమే, మునుపటి కన్నా ఎక్కువే వచ్చింది. ఫ్రీజర్ మళ్లీ మొదలైంది. ఎర్ర పానకం మళ్లీ గడ్డకట్టింది.

అయితే పలకల మీద దుమ్ము రోజూ తుడవాలి. ఎర్ర దుమ్ము ఒక్క పూట తుడవకపోతే కరెంటు సగానికి పడిపోతుంది. మెట్లకు ఇనప తలుపు ఉంది. పెళ్లయి కొత్త జంట పైన కాపురముంటున్నారు కనుక తలుపుకు తాళం. తెనిన్ రోజూ పొద్దున ఆ గేటు కొట్టి, తాళంచెవి అడిగి, కొత్త కోడలి మొహం చూసి, "కాస్త తుడిచి పోతానమ్మా" అనాలి. కోడలు ఒక రోజు వెంటనే తీసేది, ఒక రోజు స్నానం చేస్తున్నాననేది, ఒక రోజు మొగుడు పడుకున్నాడనేది. కొన్నాళ్లకు పై గదిలోకి ఒక తీగ పోయింది, ఒక ఫ్యానుకు. తర్వాత ఒక టీవీకి. అడిగితే జుమానా నవ్వాడు: "పలకలు నీవే, కప్పు నాదే. కప్పుకు అద్దె బొబ్బర్లతో కడతావా?" తెనిన్ ఈసారి తిరిగి తిట్టింది. తిట్టకుండా ఉండడానికి ఆమెకు వీలు మిగల్లేదు. "నీ కప్పు కూడా మా తాత భిక్షేరా," అంది. అందరూ హాయిగా నవ్వారు. సందు మళ్లీ సందయింది.

ఒంటరిగా ఉన్నప్పుడు తన కప్పు మీదికి ఎక్కేది. చువ్వలు పీకిన చోట సిమెంటులో గుంటలు మిగిలాయి. పక్కింటి పిట్టగోడ అంచు మీంచి పలకల నీలం కాస్త కనబడేది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలోనే ఉన్నట్టుండేవి.

అక్క దగ్గర్నుంచి ఫోన్లు తగ్గిపోయాయి. వస్తే మాట్లాడేది మేనల్లుడు. "అమ్మకు ఇప్పుడు నంబర్లు కనబడటం లేదు పిన్నీ. నేనే కలిపి ఇస్తున్నా."

*

వానాకాలం మధ్యలో, ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం, బా సీతన్ భోంచేసి చాప మీద ఒరిగి మళ్లీ లేవలేదు. మందు బాగానే ఉంది, సూదులు వేళకే పడ్డాయి. ఆయుష్షు తీరిందన్నారు డాక్టర్లు. తెనిన్ పరుగెత్తుకెళ్లి మొదట ఫ్రిజ్ తలుపే తీసి చూసింది. సీసాలు చల్లగా ఉన్నాయి. అప్పుడు నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో ముసలావిడ కోసం ఎంతో, తన తప్పు కాదన్న ఊరట ఎంతో ఆమెకే తెలియలేదు.

ఏడో రోజు వంటలు, ఖురాను చదవడాలు అయ్యాక మిగిలిన సీసాలు ఆసుపత్రికి ఇచ్చేసి వచ్చింది. గుడ్ల అర ఖాళీగా ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి, ఇవాళ ఈ ఇల్లు విడిచి వెళ్లినా ఎవరూ చావరు అనుకుంది. బస్సు వేళలు కనుక్కుంది. సంచిలో రెండు జతల బట్టలు, అక్కకు ఒక కొత్త తలగుడ్డ సర్దింది.

మర్నాడు సంచి భుజాన వేసుకుంటుండగా తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. సందు చివర బట్టలకు రంగులద్దే కోరోతూం. మోచేతుల దాకా నీలి రంగు. ఆ చేతుల్లో చిన్న అట్టపెట్టె.

"అక్కా, మా ఆయనకు కూడా అదే జబ్బని తేలింది. మా ఇంట్లో సంగతి నీకు తెలుసుగా. బా సీతనమ్మవి పెట్టుకునే చోటు ఇప్పుడు ఖాళీయేనని..." పెట్టె ముందుకు చాపింది. "నువ్వు కాదంటే నేనేమీ అనుకోను," అంది.

ఈ మాట కూడా ముసలావిడ అన్నదే. తెనిన్ సంచి దించింది. కోరోతూం చేతుల వేళ్లు పెట్టె అంచు మీద నీలం మరకలు వేస్తున్నాయి.

"లోపలికి రా," అంది చివరికి. "పెట్టు. కానీ నేను మార్కాలా పోతున్నా. నువ్వే ఇక్కడ ఉండాలి. ఇదిగో, ఇటు చూడు."

స్విచ్చులు చూపించింది. ఏ దీపం వెలిగితే ఏం ఆపాలో చెప్పింది. ఎవరొచ్చి ఏం తగిలిస్తామన్నా ఒప్పుకోవద్దంది. పొద్దున గేటు కొట్టి తాళంచెవి ఎట్లా అడగాలో, కోడలు విసుక్కుంటే ఏమనాలో కూడా చెప్పింది. కోరోతూం భయపడుతూనే అన్నీ మళ్లీ చెప్పి వినిపించింది. ఆ రోజు బస్సు పోయింది. మర్నాటి బస్సు ఎక్కింది తెనిన్.

మార్కాలాలో వాసా వాకిట్లో, వేపచెట్టు కింద పీట మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే తలెత్తింది.

"తెనిన్?"

"నేనే అక్కా."

"ఇట్లా వెలుతురుకు అడ్డంగా నిలబడు. ఆఁ, అక్కడే. ఏదో నల్లగా కదిలింది. నువ్వేనా అది?"

తెనిన్ మోకాళ్ల మీద కూర్చుంది. అక్క చేతులు ఆమె నుదుటి మీద, కనురెప్పల మీద, బుగ్గల మీద నెమ్మదిగా పాకాయి.

"చిక్కిపోయావే," అంది వాసా. "చెంపలు ఇట్లా పీక్కుపోయి ఉండేవి కావు. ఎప్పుడు చిక్కావు?"

తెనిన్ ఆ అరచేతుల్లోనే మొహం పెట్టుకుని ఉండిపోయింది. ఆలస్యమైందని అక్క ఒక్క మాట అనలేదు.

రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు, చిన్నప్పటిలాగే. నది మీంచి గాలి వస్తోంది. ఫ్యాను అక్కర్లేదు. ఫోను మోగింది.

"అక్కా, నేను కోరోతూమ్‌ని. దీపం మినుకుమినుకుమంటోంది. ఇవాళంతా మబ్బే. కోడలు పొద్దున గేటు తియ్యలేదు."

తెనిన్ లేచి కూర్చుంది. "ఫ్రీజర్ పీకేయి. దేన్నీ తగిలించొద్దు, నీ ఫోను కూడా. ఫ్రిజ్ తలుపు తెరవకు, ఎంత అవసరమైనా తెరవకు. పొద్దున జుమానానే అడుగు. కోడల్ని కాదు. 'బానిసా, మా రాణిగారు తాళంచెవి పంపమంది' అని అను, నవ్వుతాడు, ఇచ్చేస్తాడు."

ఫోను పెట్టాక చీకట్లో వాసా గొంతు వినబడింది. "ఎవరే?"

"సందులో వాళ్లు."

"మళ్లీ ఎప్పుడెళ్లాలి?"

తెనిన్ మబ్బుల గురించి ఆలోచించింది. "గురువారం దాకా ఉంటానక్కా," అంది.

బుధవారం తెల్లవారుతుండగానే మార్కాలా బస్టాండులో, బమాకో బస్సు కోసం నిలబడి ఉంది.